అరచేతికి మిగిలిన ఆముదం

నేనిచ్చిన గ్లవ్స్ పెట్టెను పైడమ్మ దేవుడి గూట్లో పెట్టింది. సీలు కూడా విప్పలేదు. పసుపు కుంకుమ భరిణెల పక్కన, పైడితల్లమ్మ పటానికి ఆనించి, భద్రంగా దాచింది. డాక్టరమ్మ ఇచ్చిన వస్తువు కదా, పాడవకూడదట!

నా పేరు ఇందుమతి. విశాఖపట్నంలో రోగనిరోధక కణాల మీద పరిశోధన చేసే చిన్న ల్యాబుకు పెద్దని. నాకు కోపం ముక్కు మీదుంటుందని ల్యాబులో అందరూ అంటారు. అది ఉన్నమాటే. అయితే ఆ పెట్టె దేవుడి గూట్లో ఉందని తెలిసినప్పుడు మాత్రం నాకు కోపం రాలేదు, భయం పట్టుకుంది. ఎందుకో చెప్పాలంటే యోషిత దగ్గర మొదలుపెట్టాలి.

యోషితకు ఏడేళ్లు. వాళ్లది విజయనగరం. ఆ పిల్ల ఒంట్లోని తెల్లకణాలు సొంత కీళ్లనే శత్రువులనుకుని కొరికేస్తున్నాయి. వాళ్లమ్మ గౌరి మా దగ్గరికి తీసుకొచ్చేనాటికి వేళ్లు కొంకర్లు పోయి ఉన్నాయి. అరచెయ్యి బల్ల మీద చాపి పెట్టమంటే పెట్టలేదు. నేను ఒక గోళీ తీసి దొర్లిస్తే, చేతికీ బల్లకీ మధ్యనుంచి అది అవతలికి వెళ్లిపోయింది. పిల్ల అదేదో ఆటనుకుని కిలకిలా నవ్వింది. గౌరి మొహం పక్కకు తిప్పుకుంది.

అప్పటికి మా మందు తయారై ఉంది, మనుషుల మీద ప్రయోగానికి అనుమతీ వచ్చింది. కాగితాల మీద దానికి మూరెడు పేరుంది కానీ మేం 'మడత మందు' అంటాం. మన ఆముదంలో ఉండే కొవ్వు ఆమ్లాన్నే విరిచి, మెలిపెట్టి తయారుచేశాం. ఒంట్లో సహజంగా పుట్టి, హార్మోన్లలాగా కణానికీ కణానికీ కబుర్లు మోసే ప్రోస్టాగ్లాండిన్లు అనే కొవ్వులుంటాయి. మా మందు వాటికి వేలువిడిచిన చుట్టం. తెల్లకణాల ఒంటినిండా గ్రాహకాలుంటాయి, అంటే చెవులే అనుకోండి. ఒక్కో చెవికి ఒక్కో రకం కబురు వినపడుతుంది. యోషిత కణాలు ఒక చెవితో తప్పుడు కబురు విని కీళ్ల మీద పడుతున్నాయి. మా మందు తగిలితే కణం ఆ చెవిని మడిచి లోపలికి లాక్కుంటుంది. కబురు వినపడదు, దాడీ జరగదు. మింగితే లివరు దాన్ని ముక్కలు చేసేస్తుంది కాబట్టి ఆముదంలో కలిపి ఒంటికి రాయాలి.

రాసే పని యోషిత మేనత్త పైడమ్మది. చిన్నప్పుడే మొగుడు పోతే తమ్ముడింటికి వచ్చి, జనపనార మిల్లులో పనిచేసి, ఆ ఇంటినీ తమ్ముడినీ నిలబెట్టిన మనిషి. అరచేతులు చూస్తే ఎండిన చెరువు గట్టే, అన్నీ పగుళ్లు. మొదటి రోజు ల్యాబులో ఆవిడకు గ్లవ్స్ తొడిగి, ఎలా రాయాలో చూపించబోయాను.

"ఏటమ్మా ఇది? సేతికి సంచులు కట్టుకుని గుంటపిల్లకి నూనె రాస్తారేటి? పరాయి గుంటేటి అది?" అంది.

"పరాయి సొంతం కాదు పైడమ్మగారూ. ఇది మందు. మీ ఒంట్లోకి పోకూడదు."

"నాకేటైపోద్ది? పురిట్లో దీని మాడుకి ఆముదం పెట్టింది నానే. ఈ సేతుల్తోనే."

నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పాను. చివరికి "అలగే డాట్రమ్మా, అలగే, అరవకు, గుంట జడుసుకుంటంది" అని గ్లవ్స్ పెట్టె చంకన పెట్టుకుని వెళ్లిపోయింది. నేను గెలిచాననుకున్నాను.

మందు పనిచేసింది. ఎంతలా పనిచేసిందంటే, ఒకసారి యోషిత ల్యాబుకు వచ్చీరాగానే బల్ల మీద అరచెయ్యి చాపి "దొర్లించండి" అంది. గోళీ దొర్లించాను. వేళ్ల పక్కకు తగిలి ఆగిపోయింది. మళ్లీ దొర్లించాను, మళ్లీ ఆగింది. నా సహచరి రెహానా మిషను వదిలేసి వచ్చి పిల్లను ఎత్తుకుని గిరగిరా తిప్పింది. గౌరి నా చేతులు పట్టుకుని వదల్లేదు. పైడమ్మ మాత్రం తన ధోరణిలో తానుంది.

"నాకూ మోకాళ్ల నొప్పులు మాయమైపోనాయి డాట్రమ్మా. మెట్లు గబగబా ఎక్కేత్తన్నాను. తల్లి దయ!"

"మంచిదే" అన్నాను. ఆ మాట పట్టించుకునే తీరిక నాకెక్కడిది? పిల్ల వేళ్లు విచ్చుకున్న సంబరంలో ఉన్నాను.

మా పనిలో ఒక పద్ధతుంది. జబ్బు మనిషి రక్తాన్ని ఒక్కదాన్నే చూస్తే ఏమీ తెలియదు. పక్కన ఆరోగ్యంగా ఉన్న మనిషి రక్తం పెట్టి పోల్చాలి. ఒకే ఇల్లు, ఒకే తిండి, ఒకే నీళ్లయితే పోలిక ఇంకా నిక్కచ్చిగా ఉంటుందని ఇంట్లో మనిషినే తీసుకుంటాం. పిల్లతో ప్రతిసారీ వచ్చేది పైడమ్మే కాబట్టి ఆవిడ రక్తమే నెలనెలా తీసి, చలిపెట్టెలో దాచి, ఆరు నెలలయ్యాక అన్నీ కలిపి పరీక్షకు పెట్టాం. కణాల చెవులకు మెరిసే రంగు అంటించి, ఒకదాని వెనక ఒకటి లేజరు ముందు నుంచి పంపుతాం. చెవులున్న కణం మెరుస్తుంది. మడుచుకున్నది మెరవదు.

రెహానా చివరి నెల రక్తాలను ముందు మిషన్లో నడిపి నన్ను పిలిచింది. తెర మీద కణాల చుక్కలు యోషితవి ఒక గుట్టగా, పైడమ్మవి వేరే గుట్టగా ఉండాలి. రెండూ ఒకే చోట, ఒకదాని మీద ఒకటి పడి కూర్చున్నాయి.

"ట్యూబులు మార్చేశావు" అన్నాను.

"మార్చలేదు మేడమ్."

"మార్చకపోతే ఇలా ఎలా వస్తుంది? పెద్దావిడ కణాలకు చెవులు మడుచుకోవడమేంటి? కళ్లు నెత్తికెక్కాయా పొద్దున్నే?"

రెహానా నా అరుపులకు అలవాటుపడ్డ మనిషి. మళ్లీ మొదటినుంచీ నడిపింది. మళ్లీ అదే. పైగా పైడమ్మ కణాలకు ఆ ఒక్క చెవే కాదు, పక్క చెవులూ మెరవడం లేదు. సూక్ష్మజీవి వచ్చిందన్న కబురు వినాల్సిన చెవులు కూడా ఆరిపోయి ఉన్నాయి.

"మేడమ్," అంది రెహానా నెమ్మదిగా, "ఆవిడ మోకాళ్ల నొప్పులు పోయాయన్నారు కదా."

నేను కారు తాళాలు అందుకున్నాను.

విజయనగరంలో వాళ్ల వీధిలోకి వెళ్లేసరికి పొద్దెక్కింది. ఇంటి వాకిట్లో పీట మీద యోషిత కూర్చుని ఉంది. పైడమ్మ ఉత్త చేతులతో దాని వీపుకు, మోచేతులకు, వేళ్లకు మందు పట్టిస్తోంది. నేను గేటు దగ్గరే ఆగిపోయాను. రాయడమైంది. చేతులకు జిడ్డు మిగిలింది. ఆ చేతుల్ని ఆవిడ కడుక్కోలేదు. ముందు తన తలకు పులుముకుంది, తర్వాత మోచేతులకు, చీర కాస్త ఎత్తి మోకాళ్లకు. మన ఇళ్లలో ఎవరికి తలంటినా అందరూ చేసేదే, మా అమ్మా అంతే చేసేది. చేతికి మిగిలిన నూనెను ఎవరు పారబోస్తారు?

"పైడమ్మగారూ! గ్లవ్స్ ఏవీ?"

"ఒలమ్మ, డాట్రమ్మా! కబురెట్టకుండా వొచ్చీసేవేటి? అవా? దేవుడి గూట్లో ఉన్నాయి, పదిలంగా" అంది. ఆ నాలుగు మాటలకే రెండుసార్లు ఊపిరి తీసుకుంది.

చెయ్యి పట్టుకుని చూశాను, చల్లగా ఉంది. థర్మామీటరు పెట్టాను, జ్వరం లేదు. దగ్గు లేదు. "నాకేటీ లేదు, వొయసు మీదపడతంది, ఆయాసం ఉండదేటి?" అని నవ్వుతోంది. వేలికి ఆక్సిజన్ మీటరు తగిలించాను. డెబ్బై ఆరు చూపించింది, తొంభై అయిదుకు తగ్గకూడదు. గౌరీ నేనూ చెరో రెక్కా పట్టుకుని కారెక్కించాం. ఎక్స్‌రే తీస్తే ఊపిరితిత్తులు సగం పైగా తెల్లబడి ఉన్నాయి. అంత నిమోనియా! దగ్గూ జ్వరమూ మన కణాలు పెట్టే గోల. ఆవిడ ఒంట్లో ఆ గోల పెట్టాల్సిన కణాలకు కబురే వినపడలేదు.

ఆ వారమంతా నేను ఆస్పత్రి వరండా వదల్లేదు. ఐసీయూ అద్దంలోంచి ఆవిణ్ని చూస్తూ మనసులోనే తిట్టిపోశాను, మొక్కాను, మళ్లీ తిట్టాను. ఆవిడ కాస్త తేరుకుని ఆక్సిజన్ మాస్కులోంచి మాట్లాడే స్థితికి వచ్చాక, గౌరినీ పక్కన కూర్చోబెట్టుకుని చెప్పాల్సింది చెప్పాను.

"ప్రయోగానికి అనుమతిచ్చిన కమిటీకి రిపోర్టు రాస్తున్నాను. రాస్తే ప్రయోగం ఆపేస్తారు. యోషితకు మందు ఆగిపోతుంది."

గౌరి లేచి నిలబడింది. "ఆపేస్తే దాని వేళ్లు మళ్లీ ముడుచుకుపోతాయి డాక్టరుగారూ. గోళీ ఆగిన రోజు మీరే కదా ఎగిరి గంతేశారు? ఇక్కడ తప్పు మాది. గ్లవ్స్ తొడుక్కోలేదని మమ్మల్ని తిట్టండి, కొట్టండి. మందు ఆపకండి. మీ కాళ్లు పట్టుకుంటాను."

పైడమ్మ మాస్కు లాగేసుకుంది. "నా మూలాన గుంటకి మందాపీకు. నానేటి, బతికినంత బతికీసేను. రాయకు."

"మాస్కు పెట్టుకోండి ముందు!" అని అరిచాను. నర్సు ఉలిక్కిపడి వచ్చింది. "మీరు బతికినంత చాలని ఎవరు తేల్చారు? రేపు ఇంకో ఇంట్లో ఇంకో అత్త ఇలాగే రాసుకుంటే? ఆవిడ ఇంట్లో ఆక్సిజన్ మీటరు పట్టుకుని ఎవరొస్తారు?"

నేను బయటికొచ్చి రిపోర్టు రాశాను, పంపాను. ప్రయోగం ఆగింది. కొన్ని వారాలకు యోషిత మా బల్ల మీద చెయ్యి చాపితే గోళీ తగులుతూ తగులుతూ వెళ్లి, చివరికి అవతలికి దొర్లిపోయింది. ఈసారి పిల్ల నవ్వలేదు. చెయ్యి గౌను కింద దాచుకుంది.

ఆ రోజు నాకు అన్నం సయించలేదు.

రెహానా మాత్రం ఊరుకోలేదు. చలిపెట్టెలో ఉన్న పాత నెలల రక్తాలన్నీ తీసి ఒక్కొక్కటే నడిపింది. ఒక మధ్యాహ్నం నన్ను తెర ముందు కూర్చోబెట్టింది.

"ముందు యోషితది చూడండి మేడమ్. ఈ చివరి నెల."

చూశాను. పైడమ్మ కంగారులో ఆ రోజు చూడనే లేదు కానీ, పిల్ల కణాలకు కూడా పక్క చెవులు ఆరిపోవడం మొదలైంది. సగం వరకూ వచ్చేసింది. ఇంకో రెండు మూడు నెలలు అదే మోతాదు సాగి ఉంటే, ఏ మాయదారి జలుబో చేసి, జ్వరమే రాకుండా, బడికి వెళ్తూ ఆడుకుంటూ ఉండగానే పిల్ల మనకు దక్కకుండా పోయేది. పైడమ్మ చేతుల పగుళ్లలోంచి మందు తొందరగా లోపలికి దిగింది కాబట్టి ఆవిడ ముందు పడిపోయింది. పిల్ల ఇంకా పడకముందే మాకు తెలిసింది.

"ఇప్పుడు పైడమ్మగారిది. మొదటి నెలలు."

ఆ గుట్టల్ని చూసి నేను కుర్చీలో ముందుకు జరిగాను. మొదటి నెలల్లో ఆవిడ కణాలు, మేం ఇన్నేళ్లూ ఎలా ఉంటే బాగుండుననుకున్నామో అలా ఉన్నాయి. తప్పుడు కబురు వినే చెవి ఒక్కటే మడుచుకుంది. మిగతావన్నీ నిక్కబొడుచుకుని ఉన్నాయి. తర్వాత్తర్వాత మందు ఒంట్లో పేరుకుపోయాకే అన్నీ ఆరిపోయాయి.

"మనం గిన్నెలతో పోశాం మేడమ్. కావలసింది చేతికి మిగిలినంత. మధ్యమధ్య కొన్నాళ్లు ఆపుతూ."

రెహానాను పట్టుకుని ఏడ్చాను. ట్యూబులు మార్చావని తిట్టినందుకు క్షమించమన్నాను. "మీరు తిట్టకపోతే నేను రెండోసారి నడిపేదాన్ని కాదు" అని నవ్వింది. అబద్ధమే, నడిపి ఉండేది.

కమిటీ కొత్త మోతాదును ముందు ల్యాబులో నిరూపించమంది. నిరూపించాం. యోషితకు మందు మళ్లీ మొదలైంది, గౌరి గ్లవ్స్ తొడుక్కుని రాస్తోంది. వేళ్లు మెల్లగా, ఈసారి చాలా మెల్లగా, విచ్చుకున్నాయి. కణాలు అసలు కబుర్లన్నీ వింటున్నాయి. పిల్లకు ఒకసారి మామూలు జలుబు చేసి, మామూలు జ్వరం వచ్చి, మామూలుగా తగ్గిపోయింది. ల్యాబులో ఆ మోతాదుకు కాగితం మీద ఒక అంకె ఉంది కానీ ఎవరూ ఆ అంకె అనరు. "ఒక పైడమ్మ చెయ్యి" అంటారు.

పైడమ్మకు మాత్రం జ్వరం రాలేదు. ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చింది, తిరుగుతోంది, మోకాళ్ల నొప్పులు కూడా లేవు. కానీ కొవ్వు మందు కదా, ఒంటి కొవ్వులోకి దూరి అక్కడే కాపురం పెట్టేసింది. యోషిత ఒంట్లో కొవ్వెక్కడిది, దానికి తొందరగానే వదిలింది. పెద్దావిడకు ఎప్పుడు వదులుతుందో, అసలు వదులుతుందో లేదో నాకూ తెలియదు. ఆ చెవులు మళ్లీ లేచేదాకా చిన్న పుండైనా, చిన్న జలుబైనా ఆవిడకు ప్రాణగండమే. రోజూ పొద్దున్నా సాయంత్రమూ వేలికి మీటరు పెట్టుకుని గౌరి చేత నాకు ఫోన్ చేయించేది. సీజను మారినప్పుడల్లా ఫ్లూ టీకా వేయించేదాన్ని. కణాలు వింటుంటే చెయ్యి వాచాలి, ఒళ్లు వెచ్చబడాలి. వేసిన ప్రతిసారీ చెయ్యి చల్లగా, మెత్తగా, ఏమీ జరగనట్టే ఉండేది.

"జొరమొస్తే ఇంటిల్లిపాదీ మంచం సుట్టూ సేరతారు. బ్రెడ్డూ పాలూ ఇస్తారు. నాకా బోగం కూడా లేకుండా సేసీసేవు డాట్రమ్మా" అని దెప్పేది. నవ్వుతూనే అనేది కానీ వింటుంటే నా ప్రాణం ఉసూరుమనేది.

ఒక ఆదివారం నేను వెళ్లేసరికి వాకిట్లో అదే పీట. ఈసారి పీట మీద పైడమ్మ కూర్చుంది. యోషిత వెనక నిలబడి అత్త తలకు నూనె పట్టిస్తోంది. పది వేళ్లూ జుట్టులోకి దూర్చి, గట్టిగా, అంగట్లో కొన్న మామూలు ఆముదంతో. రాయడమైపోయాక చేతికి మిగిలిన జిడ్డును తన తలకు పులుముకోబోయింది.

"వద్దు!" అని గేటు దగ్గరనుంచే కేక పెట్టాను. మర్నిమిషంలో తెలివొచ్చింది. ఉత్త ఆముదానికి భయమేంటి?

పిల్ల నా దగ్గరికి వచ్చి రెండు చేతులూ నా తలకు పులిమేసింది. "మిగిలింది మీకే, తీసుకోండి" అంది. పైడమ్మ పీట మీద కూర్చుని పగలబడి నవ్వింది. నేనా జిడ్డు తలతోనే విశాఖపట్నం వచ్చాను.

ఈ చలికాలం మొదట్లో మళ్లీ టీకా వేయించాను. ఆశ పెట్టుకోలేదు. మర్నాడు పొద్దున్న గౌరి నుంచి రోజూ వచ్చే ఫోన్ రాలేదు. నేను చేస్తే ఎత్తలేదు. మళ్లీ చేశాను, ఎత్తలేదు. మళ్లీ అదే రోడ్డు, అదే పరుగు. దారంతా ఏవేవో ఊహించుకున్నాను.

తలుపు తీసే ఉంది. పైడమ్మ మంచం మీద, దుప్పటి గడ్డం దాకా కప్పుకుని, గజగజ వణుకుతోంది. పక్కన గౌరి దుప్పట్ల మీద దుప్పట్లు కప్పుతోంది, ఫోను వంటింట్లో మోగి మోగి ఊరుకుందట. యోషిత మంచానికి ఆనుకుని నిలబడి అత్త నుదుటి మీద చెయ్యి పెట్టింది. వేళ్లన్నీ చాచి, అరచెయ్యి మొత్తం నుదుటికి అంటుకునేలా పెట్టింది. గోళీ కాదు కదా, కాగితం కూడా దూరదు.

"అత్తా, కాలిపోతున్నావే!" అంది.

నేను గబగబా వెళ్లి జబ్బ చూశాను. సూది గుచ్చిన చోట ఎర్రగా, బిళ్లలా వాచి ఉంది. ముట్టుకుంటే "అబ్బా!" అని మూలిగింది. వేలికి మీటరు పెట్టాను. ఊపిరి బ్రహ్మాండంగా ఉంది. థర్మామీటరు పెట్టాను. నూటొకటి! నా కళ్లు మసకబారి రెండోసారి చూడాల్సి వచ్చింది. నూటొకటే.

"జ్వరం! గౌరీ, జ్వరం వచ్చింది! వినపడుతోంది! ఈవిడ ఒంటికి వినపడుతోంది!"

గౌరి నోటికి చెంగు అడ్డం పెట్టుకుని కింద కూలబడి ఏడ్చేసింది. నేను మంచం పక్కన మోకాళ్ల మీద కూర్చుని ఆ పగుళ్ల చేతులు రెండూ తీసుకుని కళ్లకద్దుకున్నాను. "మీరు లేకపోతే ఈ పిల్ల లేదు. ఇంకెందరు పిల్లలో ఉండేవాళ్లు కారు. మీ రుణం నేను తీర్చుకోలేను పైడమ్మగారూ. మీకు నా దండం."

"లే, లేమ్మా. దండాలేటి, జొరమొచ్చిన మనిసికి" అంది పళ్లు టకటకలాడుతుండగా. "ఒళ్లంతా సలుపులు, తల పగిలిపోతంది. ఏటి నవ్వుతావు? ఇంతకీ నా బ్రెడ్డూ పాలేవి?"

గౌరి లేవబోయింది. నేను లేవనివ్వలేదు. చెప్పులు కూడా చూసుకోకుండా వీధిలోకి పరుగెత్తాను. వెనక యోషిత "పెద్ద బ్రెడ్డు తెండి" అని కేకేసింది. మలుపులో బేకరీ ఉంది. కొట్టతను నా మొహం చూసి కంగారుపడి "ఏమైందమ్మా?" అన్నాడు.

"మా ఇంట్లో జ్వరం వచ్చిందండీ" అన్నాను. ఆ రోజు విజయనగరంలో ఆ మాట చెప్పి, ఏడుస్తూ నవ్వుతూ బ్రెడ్డు కొన్న మనిషిని నేనొక్కదాన్నే అయి ఉంటాను.